ఇంగ్లిష్ స్పెల్లింగుకు సూత్రాలు ఉన్నాయా, లేక అంతా బట్టీయేనా?

మీరు అడిగింది ఇది: ఆరో తరగతి చదువుతున్న మీ అమ్మాయి రోజూ ఇరవై మాటలు పదేసి సార్లు రాస్తోంది, వారం తిరిగేసరికి సగం మరిచిపోతోంది. "ఇంగ్లిష్‌కు సూత్రాలేమీ ఉండవు, కంఠస్థం చేయాల్సిందే" అని బడిలో చెప్పారు. అది నిజమేనా అని మీ సందేహం.

నిజం కాదండి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలకు ఏళ్ల తరబడి ఇంగ్లిష్ చెబుతున్నాను. ఆ మాట విన్న ప్రతిసారీ బాధేస్తుంది, ఎందుకంటే తెలివైన పిల్లలు కూడా అది నమ్మి ఆలోచించడం మానేస్తారు. బట్టీ పట్టక తప్పని మాటలు కొన్ని ఉన్నాయి. మిగతా భాషకంతా ఒక పద్ధతి ఉంది. కాకపోతే అది తెలుగు రాత పద్ధతి కాదు. మన పిల్లలు తెలుగు పద్ధతిని అక్కడ వెతుకుతారు, దొరక్కపోయేసరికి పద్ధతే లేదనుకుంటారు. (ఇంగ్లిష్ అక్షరాలను వాటి పేర్లతో, మధ్యలో చిన్న గీతలు పెట్టి రాస్తున్నాను. బిగ్గరగా చదువుకుంటే సులువుగా అందుతుంది.)

తెలుగులో అచ్చు హ్రస్వమో దీర్ఘమో ఆ అక్షరాన్ని చూస్తేనే తెలిసిపోతుంది. గుణింతం చేసే పని అదే. ఇంగ్లిష్‌లో ఉన్నవి 26 అక్షరాలు, పలకాల్సినవి సుమారు 44 ధ్వనులు. అక్షరాలు చాలవు కాబట్టి ప్రతి అక్షరం పక్కవాటి సాయంతో పని చేస్తుంది. ముఖ్యంగా అచ్చు ఎలా పలకాలో దాని తర్వాత వచ్చే అక్షరాలు చెబుతాయి. ఈ ఒక్క విషయం మనసుకు పడితే సగం స్పెల్లింగు దారిలోకి వస్తుంది. అందుకే దీని గురించే ఎక్కువ చెబుతాను.

మ్యాట్ అంటే ఎమ్-ఎ-టి. చివర ఇ చేరిస్తే మేట్. కిట్‌కు ఇ చేరిస్తే కైట్, కట్‌కు చేరిస్తే క్యూట్, గెంతడం అనే అర్థమున్న హాప్‌కు చేరిస్తే ఆశ అనే అర్థమున్న హోప్. ఆ చివరి ఇ పలకదు. కానీ వెనక్కి తిరిగి అచ్చును దీర్ఘం చేస్తుంది. దాన్ని పిల్లలకు 'పలకని అక్షరం' అని పరిచయం చేస్తే పనికిరానిదనుకుని వదిలేస్తారు. 'దీర్ఘం ఇచ్చే ఇ' అని చెప్పి చూడండి, మరిచిపోరు. ఎ-ఏ, ఒ-ఓ తేడా చెవికి పట్టే భాషలో పెరగడం మన పిల్లలకు వరం. హిందీలో హ్రస్వ ఎ, ఒ లకు విడి అక్షరాలే లేవు. మనకు ఒకటో తరగతిలోనే అవి వస్తాయి.

మరి ఐ అక్షరానికి దీర్ఘం ఈ కావాలి కదా, కైట్‌లో ఐ ఎందుకు పలుకుతుందని మీ అమ్మాయి అడగవచ్చు. మంచి ప్రశ్నే. ఒకప్పుడు అక్కడ నిజంగానే ఈకారం ఉండేది. సుమారు 15వ శతాబ్దం నుంచి 17వ శతాబ్దం దాకా ఇంగ్లిష్‌లోని దీర్ఘ అచ్చులన్నీ ఒక్కొక్కటిగా స్థానం మారాయి. విలియం కాక్స్టన్ 1476లో ఇంగ్లండులోని వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చు పుస్తకాలు రాతను స్థిరపరుస్తూ పోయాయి, ఉచ్చారణ మాత్రం ముందుకు నడిచింది. నేమ్ అనే మాట 14వ శతాబ్దపు ఇంగ్లిష్ కవి చాసర్ కాలంలో దాదాపు 'నామ' అన్నట్టుగా పలికేది. మన నామం, వారి నేమ్ ఒకే ప్రాచీన మూలం నుంచి వచ్చినవి కూడా. ఎన్-ఎ-ఎమ్-ఇ అనే రాత ఆ పాత పలుకుబడికి సరిగ్గా సరిపోయేది. అంటే స్పెల్లింగు తప్పుగా పుట్టలేదు, ఉచ్చారణ దాన్ని దాటిపోయింది.

ఇక జంట హల్లుల సంగతి. మన పిల్లల తప్పుల్లో చాలా భాగం ఇక్కడివే. తెలుగులో ద్విత్వం చెవికి వినిపిస్తుంది. కల వేరు, కల్ల వేరు. ఇంగ్లిష్‌లో జంట హల్లు మామూలుగా జంటగా పలకదు. మనం డిన్నర్ అని నకారాన్ని ఒత్తి పలుకుతాం. ఇంగ్లిష్ వారి నోట అక్కడ ఒకే నకారం వినిపిస్తుంది. మరి రెండో ఎన్ ఎందుకు? దాని ముందున్న ఐ హ్రస్వం అని చెప్పడానికి. ఒకే ఎన్ ఉంటే అది డైనర్, అంటే భోంచేసే మనిషి. హాపింగ్‌కు పి రెండు, హోపింగ్‌కు పి ఒకటి. నాకు అన్నిటికన్నా నచ్చే జత రైటింగ్, రిటెన్. మొదటిదాంట్లో దీర్ఘం, అందుకే టి ఒకటి. రెండోదాంట్లో హ్రస్వం, అందుకే టి రెండు. మన దగ్గర రైటింగ్‌ను రెండు టి లతో రాయని తరగతి ఉండదు. ఈ జత పక్కపక్కన రాసి చూపిస్తే ఆ తప్పు చాలామందిలో అక్కడితో ఆగిపోతుంది.

ప్రత్యయం చేర్చేటప్పుడు పాటించాల్సింది ఇంతే: మాటలో ఒకే అచ్చు ధ్వని, దానికి ఒకే అచ్చు అక్షరం, చివర ఒకే హల్లు ఉంటే, అచ్చుతో మొదలయ్యే ప్రత్యయం ముందు ఆ హల్లును జంట చేయాలి. రన్ నుంచి రన్నింగ్, బిగ్ నుంచి బిగ్గర్, స్టాప్ నుంచి స్టాప్డ్. చివర డబ్ల్యూ, ఎక్స్, వై ఉంటే జంట చేయరు. మాటకు పలుకులో రెండు మూడు భాగాలుంటే (బి-గిన్ లాగా) ఊనిక, అంటే ఒక భాగాన్ని మిగతావాటికన్నా బలంగా పలకడం, ఎక్కడ పడుతుందో చూడాలి. బిగిన్‌లో ఊనిక చివరి భాగం మీద ఉంది కాబట్టి బిగినింగ్‌కు ఎన్ రెండు. ఓపెన్‌లో ఊనిక మొదట్లో ఉంది కాబట్టి ఓపెనింగ్‌కు ఎన్ ఒకటే. ఫర్‌గెటింగ్‌కు టి రెండు, విజిటింగ్‌కు ఒకటి. రిఫర్డ్‌లో ఆర్ రెండు. రిఫరెన్స్‌లో ఊనిక ముందుకు జరిగింది కాబట్టి ఆర్ మళ్లీ ఒకటే. ఊనిక మన చెవికి సులువుగా అందదు, తెలుగులో దానితో అర్థం మారదు కాబట్టి. నిఘంటువులో ఉచ్చారణ పక్కన ఊనిక పడే భాగానికి ముందు చిన్న నిలువు గీత ఉంటుంది. దాన్ని చూడటం ఇప్పటినుంచే అలవాటు చేయండి.

ప్రత్యయం చేర్చేటప్పుడు ఈ సూత్రం గట్టిది. మూలపదాల్లో అంత గట్టిది కాదని ముందే చెప్పాలి. సిటీ, హ్యాబిట్, లిమిట్ లాంటి లాటిన్ సంతతి మాటల్లో అచ్చు హ్రస్వమే అయినా హల్లు ఒకటే. సూత్రం చెప్పి దాని హద్దు చెప్పకపోతే పిల్లలు మొదటి మినహాయింపు దగ్గరే నమ్మకం పోగొట్టుకుంటారు.

ఇదే సూత్రం వేషం మార్చి మూడు చోట్ల కనిపిస్తుంది. కె ని జంట చేయాల్సిన చోట సి-కె రాస్తారు: బ్యాక్, నెక్, డక్. దీర్ఘమైతే బేక్, లైక్ అని కె ఒక్కటే. చ ధ్వనిని జంట చేయాల్సిన చోట టి-సి-హెచ్: క్యాచ్, కిచెన్. దీర్ఘమైతే కోచ్, టీచ్ అని సి-హెచ్ మాత్రమే. జ ధ్వనికి డి-జి-ఇ: బ్రిడ్జ్, జడ్జ్. దీర్ఘమైతే కేజ్, పేజ్. రిచ్, మచ్, సచ్, విచ్ అనే నాలుగూ ఈ గీత దాటాయి, వాటిని ఒక గుంపుగా గుర్తుపెట్టుకోవాలి. ఒకే భాగమున్న మాట చివర హ్రస్వం తర్వాత ఎఫ్, ఎల్, ఎస్ వస్తే అవీ జంటే: క్లిఫ్, హిల్, మిస్. బస్‌లో ఎస్ ఒకటే ఎందుకంటే అది పూర్తి మాట కాదు, ఆమ్నిబస్ అనే మాట తోక. మనం బస్సు అని ఒత్తుతాం కాబట్టి మన పిల్లలు ఎస్ రెండు రాస్తారు. తోక సంగతి చెబితే సరిచేసుకుంటారు.

మాట చివర ఏ అక్షరాలు నిలబడవో తెలుసుకోవడం కూడా లాభమే. అచ్చమైన ఇంగ్లిష్ మాటలు వి తో, జె తో ముగియవు. హ్యావ్, గివ్, లివ్ చివర ఇ ఉండటానికి కారణం అదే. అక్కడ ఆ ఇ దీర్ఘం ఇవ్వడం లేదు, వి కి తోడు నిలబడింది. ఐ కూడా చివర నిలవదు, దాని బదులు వై వస్తుంది. హ్యాపీ చివర వై ఉన్నది అందుకే. హ్యాపినెస్‌లో అది చివరి స్థానం కోల్పోయి ఐ అయింది. స్టడీ నుంచి స్టడీడ్ అన్నప్పుడు ఐ అవుతుంది. స్టడీయింగ్‌లో మాత్రం రెండు ఐ లు పక్కపక్కన పడతాయి కాబట్టి వై అలాగే ఉంటుంది. ట్యాక్సీ, స్కీ లాంటివి కుదించిన మాటలో, పరాయి మాటలో.

సి, జి ల గుణం కూడా తర్వాతి అక్షరమే తేలుస్తుంది. సి తర్వాత ఇ, ఐ, వై వస్తే స ధ్వని, మిగతా చోట్ల క ధ్వని. సి విషయంలో ఇది దాదాపు తప్పదు. జి విషయంలో గెట్, గివ్, గర్ల్ లాంటి రోజువారీ మాటలే తప్పుతాయి. నోటీసబుల్‌లో ఇ ని ఎందుకు తీసేయరో ఇప్పుడు మీకే తెలిసిపోతుంది: తీసేస్తే సి పక్కన ఎ వచ్చి క అయిపోతుంది. పిక్నికింగ్‌లో కె ఎందుకు దూరుతుందో కూడా అంతే, అది లేకపోతే సి పక్కన ఐ వచ్చి స అవుతుంది.

ఇంతవరకు ధ్వని సంగతి. ధ్వనితో తేలని చోట మాట కుటుంబాన్ని అడగాలి. ఇంగ్లిష్ రాత ధ్వనికన్నా చుట్టరికానికే ఎక్కువ విలువ ఇస్తుంది, ఇది దాని గొప్ప లక్షణమని నా అభిప్రాయం. సైన్‌లో జి పలకదు, సిగ్నల్‌లో, సిగ్నేచర్‌లో పలుకుతుంది. బాంబ్‌లో చివరి బి ఇంగ్లిష్ ఉచ్చారణలో వినిపించదు, బంబార్డ్‌లో వినిపిస్తుంది. మజిల్‌లో దాక్కున్న సి మస్క్యులర్‌లో బయటపడుతుంది. రెండు అనే అర్థమున్న టూ లో డబ్ల్యూ ఎందుకుందో ట్వెల్వ్, ట్వెంటీ, ట్విన్ చెబుతాయి. ఓన్లీ, అలోన్ అనే మాటల్లో వన్ అనే మాటే ఉంది: ఓ-ఎన్-ఇ. మారింది వన్ ఉచ్చారణే, అక్షరాలు కాదు. భూతకాలపు ఇ-డి కూడా ఇలాంటిదే. వాక్ట్‌లో ట, ప్లేడ్‌లో డ, వాంటెడ్‌లో ఇడ్ అని మూడు రకాలుగా పలికినా రాత ఒకటే, ఎందుకంటే అర్థం ఒకటే.

అస్పష్టంగా పలికే అచ్చుల దగ్గర కుటుంబం మరీ అక్కరకొస్తుంది. గ్రామర్ చివర ఎ-ఆర్ అని గ్రమాటికల్ చెబుతుంది. డెఫినిట్ చివర ఐ-టి-ఇ అని దాని లోపలే ఉన్న ఫైనైట్ చెబుతుంది. సెపరేట్‌లో పి తర్వాత ఇ కాదు, ఎ. ప్రిపేర్ అనే మాటకూ దీనికీ లాటిన్‌లో ఒకే ధాతువు. ఇంకో మాట. మన వాళ్లు ప్రతి అచ్చునూ రాసినట్టే పూర్తిగా పలుకుతారని విమర్శ ఉంది. మాట్లాడేటప్పుడు అది లోపమే కావచ్చు. స్పెల్లింగు గుర్తుపెట్టుకోవడానికి మాత్రం అదే మంచి ఆయుధం. వెన్స్‌డేను మనసులో 'వెడ్-నెస్-డే' అని చదువుకోమనండి. ఫెబ్రువరీలో బి తర్వాతి ఆర్ ఇంగ్లిష్ వారు చాలామంది మింగేస్తారు. మన ఫిబ్రవరిలో అది భద్రంగా ఉంది.

షన్ అని ముగిసే మాటలకూ కుటుంబమే దారి. ఎడ్యుకేట్‌లో టి ఉంది కాబట్టి ఎడ్యుకేషన్‌లో టి-ఐ-ఓ-ఎన్. డిస్కస్ నుంచి వచ్చిన డిస్కషన్‌కు, ఎక్స్‌టెండ్ నుంచి వచ్చిన ఎక్స్‌టెన్షన్‌కు ఎస్. మ్యూజిక్, మ్యాజిక్, ఎలక్ట్రిక్ లాంటివాటి నుంచి ఆ పని చేసే మనిషిని చెప్పే మాట (మ్యుజీషియన్ లాంటిది) వస్తే సి-ఐ-ఎ-ఎన్. అటెండ్ నుంచి అటెన్షన్ టి తో వస్తుంది, అలాంటివి కొన్ని ఉన్నాయి. ఎటూ తేలకపోతే టి రాయండి, సరైపోయే అవకాశమే ఎక్కువ.

కుటుంబం కూడా చెప్పకపోతే పుట్టిల్లు అడగాలి. గ్రీకు నుంచి వచ్చిన చదువుల మాటల్లో క ధ్వనికి సి-హెచ్, ఫ ధ్వనికి పి-హెచ్, మాట మధ్యలో ఇ ధ్వనికి వై ఉంటాయి: స్కూల్, కెమిస్ట్రీ, క్యారెక్టర్, ఫిజిక్స్, సిస్టమ్. సైన్సు పుస్తకం తెరిస్తే ఇవే ఎదురవుతాయి కాబట్టి ఆరో తరగతి నుంచే చెప్పడం మంచిది. ఫ్రెంచి నుంచి వచ్చినవాటిలో సి-హెచ్ అంటే ష: మెషీన్, షెఫ్. ఇల్లు, పొలం, ఒళ్లు చుట్టూ తిరిగే పాత ఇంగ్లిష్ మాటల్లో నైఫ్, నీ, నైట్ లాంటివి ఉన్నాయి, వాటి ముందున్న కె ఒకప్పుడు నిజంగా పలికేది. డెట్, డౌట్ మాటల్లో బి మాత్రం ఏనాడూ ఇంగ్లిష్ నోట పలకలేదు. అవి ఫ్రెంచి నుంచి బి లేకుండానే వచ్చాయి. వాటి లాటిన్ మూలంలో బి ఉందని చూపడానికి పండితులు తర్వాత చేర్చారు. ఐలాండ్‌లో ఎస్ ఇంకా విచిత్రం, లాటిన్ మాటతో లేని చుట్టరికం ఊహించి పెట్టిన అక్షరం అది. ఇలాంటి కథ ఒకటి విన్న పిల్లలు ఆ అక్షరాన్ని ఇక వదలరు, పదిసార్లు రాసినా రాని గుర్తు ఒక్క కథతో వస్తుంది.

తెలుగువారికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది: మనకు వ ఒకటే, వారికి వి, డబ్ల్యూ రెండు. దీనికి పనికొచ్చే గురుతులు చెబుతాను. మాట మొదటి హల్లుకు ఆనుకుని వ వినిపిస్తే అది దాదాపు ఎప్పుడూ వి కాదు: క్వీన్‌లో యు, స్వీట్, ట్విన్‌లలో డబ్ల్యూ. మాట చివర వ్ వినిపిస్తే వి-ఇ. ప్రశ్నలడిగే వాట్, వెన్, వేర్, వై, విచ్ అన్నిటికీ డబ్ల్యూ-హెచ్. మాట మొదట్లో అయితే పుట్టిల్లు చూడాలి. వాటర్, విండ్, వుడ్, వర్క్, వూల్ లాంటి పాత ఇంటి మాటలకు డబ్ల్యూ. వాయిస్, విలేజ్, విజిట్, వోట్, విక్టరీ లాంటి లాటిన్, ఫ్రెంచి మాటలకు వి. ప్రాచీన ఇంగ్లిష్‌లో మాట మొదట ఆ ధ్వని దాదాపు లేదు కాబట్టే ఈ విభజన ఇంత బాగా నిలుస్తుంది.

'ఐ ముందు, ఇ తర్వాత, సి తర్వాత తప్ప' అనే పాటను మాత్రం నేను పిల్లలకు నేర్పను. సైన్స్, వెయిట్, హైట్, సీజ్, వియర్డ్, దెయిర్ అన్నీ దానికి అడ్డం తిరుగుతాయి. దానికన్నా రిసీవ్, డిసీవ్, పర్సీవ్, కన్సీవ్, రిసీట్, సీలింగ్ అనే ఆరింటినీ ఇ-ఐ జట్టుగా నేర్పితే సరిపోతుంది. బిలీవ్, ఫీల్డ్, పీస్, చీఫ్ లాంటివాటికి ఐ-ఇ.

ఇప్పుడు ఇంట్లో ఏం చేయాలన్నది. పదేసి సార్లు రాయడం ఈ రోజే ఆపించండి. మూడోసారి నుంచి చేయి రాస్తుంది, మనసు ఉండదు. మాటను చూడాలి, అందులో ఊహించనిది ఏ అక్షరమో గుర్తించాలి, మూసేసి జ్ఞాపకం నుంచి రాయాలి, తెరిచి సరిచూసుకోవాలి. అదే మాట మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి. తప్పు పోయినప్పుడు మాటంతా కొట్టేయకండి. సెపరేట్‌లో ఒక్క అక్షరమే తప్పు, మిగతావన్నీ సరైనవే. ఆ ఒక్కదాని కింద గీత పెట్టండి. రోజుకు ఇరవై మాటలు ఎక్కువ. ఒకే సూత్రానికి చెందిన ఆరేడు చాలు. ఒక నోటుపుస్తకంలో పేజీకి ఒక కుటుంబం చొప్పున ఆమె చేతే రాయించండి, కొత్త చుట్టం దొరికినప్పుడల్లా చేర్చుకుంటుంది.

బట్టీ పట్టక తప్పనివి చిన్న మాటలు: వాజ్, హూ, ఫ్రెండ్, పీపుల్, ఈనఫ్ లాంటివి. ప్రతి పేజీలో వస్తాయి కాబట్టి వీటికి పెట్టిన కష్టం వృథా కాదు. వాటిలోనూ కొన్నిటికి తోడు దొరుకుతుంది. గో నుంచి గోజ్ వచ్చినట్టే డూ నుంచి డజ్. పే నుంచి పెయిడ్ వచ్చినట్టే సే నుంచి సెడ్. అక్కడ అనే అర్థమున్న దేర్‌లో ఇక్కడ అనే హియర్ ఉంది, ఎక్కడ అనే వేర్‌లో కూడా ఉంది. ఈ దేర్ బదులు వారి అనే అర్థమున్న దెయిర్ రాస్తే ఫోను ఎల్లవేళలా పట్టుకోదు, రెండూ నిజమైన మాటలే కాబట్టి.

ఫోను అన్నాను కాబట్టి చివరగా ఒకటి. నోవా వెబ్‌స్టర్ 1828లో వెలువరించిన నిఘంటువు కలర్‌లో యు తీసేసిన రాతకు, సెంటర్ చివర ఇ-ఆర్ పెట్టే రాతకు అమెరికాలో బలం చేకూర్చింది. ట్రావెలింగ్‌లో ఎల్ ఒకటే రాయడమూ అమెరికా పద్ధతే. మన పాఠ్యపుస్తకాలు బ్రిటిష్ పద్ధతిని అనుసరిస్తాయి, ఫోను మాత్రం అమెరికా పద్ధతిలో ఉంటే పాప సరిగ్గా రాసినదాని కింద కూడా ఎర్ర గీత గీస్తుంది. కీబోర్డు భాషను ఇంగ్లిష్ ఇండియాకో, ఇంగ్లిష్ యుకెకో మార్చండి. మొదటి నెల దీర్ఘం ఇచ్చే ఇ, జంట హల్లు తప్ప ఇంకేమీ ముట్టుకోవద్దు. ఆ తర్వాత కూడా పాప ఏ మాటల్లో తడబడుతోందో, తను ఎలా రాసిందో ఉన్నదున్నట్టుగా ఇక్కడ పెట్టండి. ఆ తప్పులను బట్టి తర్వాత ఏ సూత్రం అందుకోవాలో చెబుతాను.